దోచేదీ వాళ్లే, బీమా చేసేదీ వాళ్లే

డిస్క్ కొన్నారు. సీలు చింపారు. కంప్యూటర్‌లో పెట్టారు. లోపల ఏముంది? ఆట ఉందనుకుంటే మీరు అమాయకులు. ఆటను ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికి పనికొచ్చే స్టీమ్ ఇన్‌స్టాలర్ ఉంది. సైజు 9 ఎంబీ కూడా లేదు. అసలు ఆట పాతిక జీబీకి పైమాటే. అది మీ డేటాతో, మీ కరెంటుతో, మీ ఓపికతో మీరే దించుకోవాలి. మరి డిస్క్ ఎందుకు స్వామీ? పెట్టె తెరిస్తే ఖాళీగా ఉంటే బాగోదని!

2015 సెప్టెంబరు 1న జపాన్ కంపెనీ కొనామీ ప్రపంచం మీదికి వదిలిన ‘మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్’ పీసీ డిస్క్ వైభోగం ఇది. 1987 నుంచి నడుస్తున్న సిరీస్. హిడియో కొజిమా సృష్టి. శత్రువు కళ్లుగప్పి, నక్కి, పాకి, పని ముగించుకుని చల్లగా బయటపడటమే ఈ స్టెల్త్ ఆటల సారం. ఈ భాగంతో ఇరుకు కారిడార్లు పోయాయి. ఓపెన్ వరల్డ్ వచ్చింది. ఎటు నుంచైనా రా, ఎలాగైనా దూరు అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఆటగాళ్లు శిబిరాల్లోకి దూరారు. అంతకన్నా నేర్పుగా ఆటగాళ్ల జేబుల్లోకి ఇంకెవరో దూరారు.

ఈ ఆటలో అసలైన నక్కుడు విద్య ప్రదర్శించింది హీరో స్నేక్ కాదు. కొనామీ బోర్డు రూము.

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. చెత్త ఆటైతే తిట్టడానికి ఇంత కాగితం దండగ. ఇది చెత్త కాదు. మన కడుపుమంట అదే. 1984. అఫ్గానిస్థాన్. సోవియట్ సైనిక శిబిరం. మీరు గుట్ట మీద బోర్లా పడుకుని కాపలావాళ్లను లెక్కపెడుతున్నారు. కరెంటు కోసేయొచ్చు. రేడియో పరికరాలు పేల్చేయొచ్చు. గుర్రమెక్కి దూసుకుపోవచ్చు. అట్టపెట్టెలో దూరి పాక్కుంటూ పోవచ్చు. ఆ పెట్టెకు అమ్మాయి పోస్టరు అతికిస్తే కాపలావాడు చొంగ కార్చుకుంటూ దగ్గరకొస్తాడు. సొమ్మసిల్లిన శత్రువుకు బెలూన్ కట్టి ఆకాశంలోకి లేపేసి, రేపటి నుంచి మీ సైన్యంలో డ్యూటీ వేయొచ్చు. మేక కనబడిందా? దానికీ అదే మర్యాద. మరుగుదొడ్లో దాక్కుని, కడుపు పాడైనవాడి చప్పుళ్లున్న క్యాసెట్ పెడితే తలుపు దగ్గరికొచ్చిన సైనికుడు ‘పాపం’ అనుకుని వెళ్లిపోతాడు. ఇంత గంభీరమైన యుద్ధంలో ఇంత చిలిపితనం! పైగా ప్లేస్టేషన్ 4 మీద సెకనుకు 60 ఫ్రేములు. తడబాటు లేదు, నత్తనడక లేదు.

ఇంకో గొప్ప సంగతి. ఈ ఆటలో శత్రువుకు బుర్ర ఉంది. మీరు అదేపనిగా తలకు గురిపెట్టి కాలుస్తున్నారా? నాలుగు రోజుల్లో శిబిరాలన్నీ హెల్మెట్లు పెట్టుకుంటాయి. రాత్రిపూటే వస్తున్నారా? చీకట్లో చూసే కళ్లజోళ్లు వస్తాయి. మత్తు వాయువు వాడుతున్నారా? గ్యాస్ మాస్కులు దిగుతాయి. కూలి సైనికుడు కూడా దెబ్బ తింటే పాఠం నేర్చుకుంటాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. తర్వాత మనందరికీ పనికొస్తుంది.

మనసు మెలిపెట్టే ఘట్టాలూ ఉన్నాయి. మీ సొంత స్థావరంలో అంటువ్యాధి పుడుతుంది. సోకినవాళ్లను మీ చేత్తో మీరే కాల్చాలి. ఒక్కొక్కరినీ ఏరికోరి తెచ్చుకున్నవాళ్లే వాళ్లంతా. కొందరైతే పారిపోరు. బతిమాలరు. నిటారుగా నిలబడి సెల్యూట్ కొడతారు. ట్రిగ్గర్ నొక్కే వేలు వణక్కపోతే అది వేలు కాదు.

ఇంత చేతనైనవాళ్లు మిగతాది ఎందుకు చేయలేదు?

అఫ్గానిస్థాన్ అన్నారు. నిజంగా ఆ రోజుల్లో లక్షలాది జనం ఇళ్లొదిలి పాకిస్థాన్‌కూ ఇరాన్‌కూ పారిపోతున్నారు. ఆటలో? ఊళ్లున్నాయి, ఊరివాళ్లు లేరు. గోడలున్నాయి, గడప దాటే మనిషి లేడు. సైనికులు, ఖైదీలు, మేకలు. అంతే దేశం. ‘యుద్ధం మనుషుల్ని ఏం చేస్తుందో చెబుతాం’ అని ట్రైలర్లలో గొంతు బొంగురు చేసుకున్న పెద్దమనుషులు, మనుషులనే పెట్టడం మరిచిపోయారు. ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మట్టిదారిలో గుర్రం మీద పోతూనే ఉండాలి. ఓపెన్ వరల్డ్ అంటే ఓపెన్‌గా ఉన్న బీడు అని మనకెవరూ చెప్పలేదు.

హీరో సంగతి చూడండి. 1998 నుంచి గొంతిచ్చిన డేవిడ్ హేటర్‌ను పక్కనపెట్టారు. ‘24’ సీరియల్ స్టారు కీఫర్ సదర్లాండ్‌ను తెచ్చారు. ఆహా ఓహో అన్నారు. తీరా ఆయన నోరు విప్పితే ఒట్టు! ప్రతినాయకుడు స్కల్ ఫేస్ జీపులో ఎదురుగా కూర్చుని తన పగ, ప్రతీకారం, ప్రపంచ భాషల గతి అంతా ఏకరువు పెడతాడు. మన హీరో ఉలకడు, పలకడు. ఉపన్యాసం అయిపోతుంది. జీపు ఇంకా పోతూనే ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. వెనక పాట మోగుతుంది. షేర్ ఆటోలో ఇద్దరు కొత్తవాళ్లు కూడా అంతకన్నా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడుకుంటారు. మరి కథ ఎక్కడుంది? క్యాసెట్లలో ఉంది. మీరే పెట్టుకుని వినాలి. స్టారుకు సొమ్ము, కథకు క్యాసెట్టు!

క్వైట్ అనే స్నైపర్ కథ ఇంకా ఘనం. ఒంటి మీద నూలుపోగులు లెక్కపెట్టొచ్చు. వర్షం పడితే కెమెరాకు పండగ. 2013లోనే జనం ఇదేమిటని అడిగారు. కొజిమా గారు ట్విట్టర్‌లో ఏమన్నారు? దాని వెనక రహస్య కారణం ఉందట, అది తెలిశాక మన మాటలకు మనమే సిగ్గుపడతామట! రెండేళ్లు ఎదురుచూశాం. తెలిసింది. ఆవిడ చర్మంతో ఊపిరి పీలుస్తుందట. బట్టలు కడితే ఉక్కిరిబిక్కిరి అవుతుందట. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకన్నాడట వెనకటికొకడు! 2004లో వచ్చిన మూడో భాగంలో ‘ది ఎండ్’ అనే ముసలి స్నైపర్ ఉన్నాడు. ఆయనా ఎండతో బతికే బాపతే. ఒంటినిండా బట్టలు కట్టుకున్నాడు. ముసలాడికి అడ్డురాని గుడ్డ పడుచుపిల్లకే అడ్డొచ్చిందా? సిగ్గుపడాల్సింది ఎవరు?

ఇప్పుడు రెండో అధ్యాయానికి రండి. మొదటి అధ్యాయంలో 31 మిషన్లు. రెండోదానిలో 32 నుంచి 50 దాకా, అంటే 19. బాగుంది కదా? లెక్కపెట్టండి. అందులో 12 మిషన్లు పాతవే! ముందు ఒక ముక్క తగిలించారు. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నారు, ‘టోటల్ స్టెల్త్’ అన్నారు, ‘సబ్సిస్టెన్స్’ అన్నారు. అదే శిబిరం, అదే ఖైదీ, అదే దారి. కాపలావాడు కొడితే మాత్రం కాస్త గట్టిగా తగులుతుంది. మిగిలిన ఏడింటిలో 46వది ఆట మొదట్లోని ఆస్పత్రి ఘట్టాన్నే మళ్లీ ఆడిస్తుంది. ఇంటర్వెల్ తర్వాత ఫస్టాఫ్ రీళ్లే తిప్పి వేస్తే మన థియేటర్లలో కుర్చీలు మిగులుతాయా?

ఆ 46వ మిషన్ చివర అసలు రహస్యం చెబుతారు. ఇన్నాళ్లూ మీరు ఆడించింది అసలు స్నేక్‌ను, అదే బిగ్ బాస్‌ను కాదట. ముఖం మార్చిన వైద్య సిబ్బందిలో ఒకడినట. డూపు! పోనీ, అది కథలో మలుపే అనుకుందాం. మంచి మలుపే. కానీ మలుపు తిరిగాక దారి ఉండాలి కదా? ఈలై అనే పిల్లాడు యుద్ధయంత్రం సహెలాంత్రొపస్‌ను ఎత్తుకుపోయాడు. వాడేమయ్యాడు? యంత్రమేమైంది? అడక్కండి. 51వ మిషన్‌లో చెప్పాల్సింది. 51వ మిషన్ లేదు.

లేదంటే పూర్తిగా లేదని కాదు. సగం చెక్కిన బొమ్మలతో ఉంది. ఎక్కడ? ఖరీదైన కలెక్టర్స్ ఎడిషన్ తాలూకు బ్లూరే డిస్క్‌లో. ఆడటానికి కాదు, చూసి ఏడవటానికి. అదే ఎడిషన్‌లో స్నేక్ కృత్రిమ చేతి నమూనా కూడా ఇచ్చారు. అసలు సైజులో సగం. సగం చెయ్యి, సగం కథ. కనీసం కొలతల్లో నిజాయతీ ఉంది. గేమ్ ఫైళ్లు తవ్వినవాళ్లకు ‘పీస్’ అనే మూడో అధ్యాయం టైటిల్ కార్డు కూడా దొరికింది. టైటిల్ ఉంది, అధ్యాయం లేదు. శాంతి అనేది ఫైళ్లలోనే ఉండాలి కాబోలు.

ఇక ఈ కథలో మొదటి ముక్క? దాన్ని 2014 మార్చిలోనే ‘గ్రౌండ్ జీరోస్’ పేరుతో విడిగా అమ్మేశారు. ప్రధాన కథ రెండు గంటలు కూడా నడవదు. ముందు తల అమ్మారు. తర్వాత మొండెం అమ్మారు. కాళ్లు వీడియోలో చూపించారు. మూడూ కలిపితే బొమ్మ అవుతుందా? మీరే అతికించుకోండి.

కథకు డబ్బుల్లేవు, టైము లేదు, సరే. మరి దుకాణానికి ఎలా వచ్చాయండీ టైమూ డబ్బూ? ఎఫ్‌ఓబీ అనే సముద్ర స్థావరాలు పెట్టారు. మొదటిది ఉచితం. ఆ పైన కావాలంటే ‘ఎంబీ’ అనే ఆట నాణేలు. నాణేలు కావాలంటే రొక్కం. రోజూ లాగిన్ అయితే చిల్లర నాలుగు విదిలిస్తారు. స్థావరం కట్టారా? ఇప్పుడు ప్రపంచంలో ఏ మూలనున్న ఆటగాడైనా రాత్రికి రాత్రి దూరి మీ సైనికులనూ సరుకునూ ఎత్తుకుపోవచ్చు. మీరు ఆఫీసులో ఉండగా, నిద్రలో ఉండగా కూడా. ఎంత బాధ! ఎంత భయం! కంపెనీ గుండె కరిగింది. 2015 అక్టోబరులో పరిష్కారం తెచ్చింది. ఏమిటది? దొంగతనం ఆపడమా? కాదు నాయనా. బీమా! ఎంబీ నాణేలు కట్టండి, పోయిన సరుకు మళ్లీ ఇస్తాం అంది.

మళ్లీ చదవండి. దొంగలకు తలుపు తీసేది వాళ్లే. దొంగతనానికి రూల్సు రాసేది వాళ్లే. పోయిన సరుకు వాళ్ల సర్వర్‌లో ఒక అంకె. దాన్ని తిరిగి పెట్టడానికి వాళ్లకయ్యే ఖర్చు సున్నా. దానికి ప్రీమియం! అసలు బీమా కంపెనీలు దీని ముందు ఓనమాలు దిద్దుకోవాలి.

శ్రీరంగ నీతులకూ కొదవ లేదు. ఈ ఆటలో మీరు అణ్వాయుధం తయారు చేసుకోవచ్చు. అది చేతిలో ఉంటే చిన్నాచితకా ఆటగాళ్లు మీ స్థావరం జోలికి రారు. అదే సమయంలో, ప్రపంచంలోని ఆటగాళ్లందరూ తమ అణ్వాయుధాలన్నీ వదిలేస్తే ఒక దృశ్యం కనిపిస్తుందని ఊరించారు. ఆలోచన అద్భుతం. నిజంగా అద్భుతం. సిరీస్ మొత్తం చెప్పాలనుకున్నది ఇదే. జనం కూడబలుక్కుని నెలల తరబడి ఒకరి బాంబులు ఒకరు దొంగిలించి మరీ విప్పేశారు. 2018 ఫిబ్రవరిలో పీసీలో ఆ దృశ్యం వచ్చేసింది! తీరా చూస్తే బాంబులు సున్నాకు రాలేదు. అనుకోకుండా దానంతటదే నడిచిందట. ప్రపంచ శాంతి కూడా పొరపాటున నొక్కుకుపోయే మీట అయిపోయింది. కాపలా వాళ్లదే కదా మరి!

కాపలా అంటే గుర్తొచ్చింది. 2015 ఆగస్టులో జపాన్ పత్రిక నిక్కేయ్ కొనామీ లోపలి సంగతులు రాసింది. కారిడార్లలో కెమెరాలట. దొంగల కోసం కాదు, ఉద్యోగులు ఎటు తిరుగుతున్నారో చూడటానికట. భోజనానికి వెళ్తే టైమ్ కార్డు. ఆలస్యమైతే పేరు కంపెనీ అంతా చాటింపు. పనికిరారనుకున్న డెవలపర్లకు జూదపు యంత్రాల ఫ్యాక్టరీలో డ్యూటీలట, ఫిట్‌నెస్ సెంటర్లలో శుభ్రం చేసే పనులట. కార్డు గీకి బాత్రూమ్‌కు వెళ్లే హైదరాబాద్ ఐటీ ఉద్యోగికి ఇది వింతగా తోచకపోవచ్చు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. కెమెరాల కంటపడకుండా తప్పించుకోవడమెలా అనే ఆటను, కెమెరాల కింద కూర్చోబెట్టి చేయించారు! పరిశోధన బాగానే జరిగినట్టుంది.

ఆ పత్రికే ఖర్చు కూడా చెప్పింది. 1000 కోట్ల యెన్‌లు దాటిందట. కాబట్టి కొజిమా గారిని ఉత్త అమాయక చక్రవర్తిగా చూడక్కర్లేదు. మిషన్ మొదట్లో టైటిల్స్, మిషన్ చివర టైటిల్స్. 50 మిషన్లలో ఎన్నిసార్లు ఆ పేరు చూడాలి? పైగా మొదటి టైటిల్స్‌లోనే ఈసారి మీ మీద పడబోయే శత్రువు పేరు కూడా వేసేస్తారు. మాటువేసి కొట్టే ఆటలో మాటు ఎక్కడుందో ముందే బోర్డు! పేరు మీద అంత మోజు.

ఆ మోజుకు కంపెనీ వేసిన శిక్ష ఇంకా చిన్నబుద్ధి. 2015లో పెట్టె మీద ఆయన పేరు తీసేశారు. ఆట లోపల మాత్రం తీయలేకపోయారు. పెట్టె మీద అనాథ, లోపల అడుగడుగునా తండ్రి పేరు. అక్టోబరులో ఆయన వీడ్కోలు తీసుకున్నారని ‘న్యూయార్కర్’ రాసింది. కంపెనీ ఏమంది? సెలవులో ఉన్నారంది. డిసెంబరు 3న లాస్ ఏంజిలెస్‌లో గేమ్ అవార్డ్స్. ఆటకు బహుమతి వచ్చింది. చేసినవాడు రాలేదు. రాకూడదని కొనామీ లాయరు చెప్పాడని వేదిక మీదే అవార్డుల నిర్వాహకుడు జెఫ్ కీలీ చెప్పాడు. గొంతిచ్చిన సదర్లాండ్ వచ్చి అందుకున్నాడు. ఆటంతా మాట్లాడని మనిషి ఆ ఒక్క రోజు మాట్లాడాడు! రెండు వారాలు తిరక్కుండా, డిసెంబరు 16న, కొజిమా సొంత స్టూడియో ప్రకటించాడు. ఎంత సెలవండీ అది!

పత్రికలవాళ్లు ఏం చేస్తున్నట్టు? కొందరు సమీక్షకులను కంపెనీ తానే శిబిరం పెట్టి, గంటలు లెక్కగట్టి ఆడించింది. జపాన్ పత్రిక ఫామిట్సు 40కి 40 వేసింది. నలభైకి నలభై! 51వ మిషన్ లేని ఆటకు ఒక్క మార్కు కూడా తెగలేదా? మన పదో తరగతి పేపర్లు వీళ్ల చేత దిద్దిస్తే రాష్ట్రమంతా ర్యాంకర్లే.

సరే, దెబ్బ తగిలింది. కంపెనీ ఏం నేర్చుకుంది? 2016లో మూడో భాగం ‘స్నేక్ ఈటర్’ కొత్త తళుకులతో వచ్చింది. ఆటగా కాదు, జూదపు యంత్రంగా. 2018 ఫిబ్రవరిలో ‘మెటల్ గేర్ సర్వైవ్’ వచ్చింది. జాంబీలున్నాయి. కొజిమా లేడు. రెండో సేవ్ స్లాట్ కావాలా? పది డాలర్ల నాణేలు కొనండి. దాచుకోవడానికీ కిరాయి! 2023లో పాత ఆటలను మూటగట్టి ‘మాస్టర్ కలెక్షన్’ అన్నారు. పీసీలో రెండో భాగం, మూడో భాగం 720పీ దాటి రాలేదు. 2025 ఆగస్టు 28న ‘స్నేక్ ఈటర్’నే మళ్లీ ‘డెల్టా’ పేరుతో అమ్మారు. వాళ్లేం నేర్చుకున్నారో తెలిసింది కదా? ఏం చేసినా కొంటారని నేర్చుకున్నారు.

నేర్పిందెవరు?

మనమే. ఆటలోని ఆ కూలి సైనికుడు రెండుసార్లు తలకు దెబ్బ తింటే హెల్మెట్ పెట్టుకున్నాడు. మనం పదేళ్లుగా ఉత్త తలతోనే తిరుగుతున్నాం. ఖాళీ డిస్క్ కొన్నాం. తలా మొండెం విడివిడిగా కొన్నాం. దొంగకే ప్రీమియం కట్టాం. ట్రైలర్‌లో నాలుగు బొంగురు మాటలు వినబడగానే ప్రీఆర్డర్ మీట మీద వేలు పెడుతున్నాం. ఇంకా తయారుకాని సరుకుకు ముందే డబ్బు కడితే, తయారు చేయాల్సిన అవసరం ఎవడికుంటుంది? బోనస్‌గా తుపాకీకి బంగారు రంగు ఇస్తామంటే కథకు ముగింపు అడగడం మానేస్తామా? మనం కొన్నది తుపాకీనా, రంగునా?

ఇదేదో ఒక్క కొనామీ జబ్బు అనుకుని మిగతా కంపెనీలకు హారతి పట్టకండి. సగం వండి వడ్డించడం, మిగతా సగం ‘సీజన్ పాస్’ అని బిల్లు వేయడం, తప్పు బయటపడితే ‘మీ అభిప్రాయాలు మాకు విలువైనవి’ అని చిలకపలుకులు పలకడం ఇవాళ అందరి వ్యాపారం. కోడ్ రాసేవాడు రాత్రింబవళ్లు రాస్తాడు. బొమ్మ గీసేవాడు గుర్రం జూలు దాకా గీస్తాడు. పైవాడొచ్చి కత్తెర వేస్తాడు. కత్తెర వేసినవాడికి బోనస్. గీసినవాడి పేరు పెట్టె మీద ఉండదు. ఇష్టంగా చేసిన పని మీద ఇంత కసాయితనం ఇంకే సరుకులోనైనా సహిస్తామా?

చేయాల్సింది పెద్ద విప్లవమేమీ కాదు. జెండాలక్కర్లేదు, ధర్నాలక్కర్లేదు. వేలు వెనక్కి తీసుకోండి, చాలు. ఆట బయటికి రానివ్వండి. ఎవరో ఒకరు చివరిదాకా ఆడి, ఆఖరి మిషన్ ఉందని చెప్పనివ్వండి. అప్పుడు కొనండి. ‘ముందే కట్టకపోతే మాకెలా?’ అని వాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటే ఒక్క మాట అడగండి. ముగింపు కోసం మేం పదేళ్లు ఆగాం. మా డబ్బు కోసం మీరు పది రోజులు ఆగలేరా?